ఐదు గళ్ల పట్టిక

నా భార్య థీసిస్‌లో ఎనభై నాలుగో పేజీలో ఒక పట్టిక ఉంది. దాన్ని నేను గీశాను. అందులో ఒక తప్పు ఉంది, అదీ నాదే. మొదటి పేజీ మీద మాత్రం ఆమె పేరు ఒక్కటే ఉంది.

తొంభైల నడుమ సంగతి ఇది. చిక్కడపల్లిలో మా అత్తగారింట్లో వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. వాళ్లు తాతల నాటి నుంచీ ఆ గల్లీ మనుషులే. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డాడు. నేను పెరిగింది ఇక్కడే అయినా నోట్లో మాట మా ఇంటిదే నిలిచింది. నారాయణగూడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ని. ఎక్కువగా గైడ్లు, కాలేజీ నోట్సులు, అప్పుడప్పుడు ఒక నవల. నా భార్య ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్. ముప్పై ఆరేళ్లకు పీహెచ్‌డీలో చేరింది. ఆముదం పంటను తినే దాసరి పురుగు మీద ఆమె పని.

పురుగు గుడ్డులోంచి వచ్చి ప్యూపా అయ్యేలోపు కొన్నిసార్లు కుబుసం విడుస్తుంది. ఒక కుబుసానికీ తర్వాతి దానికీ మధ్య కాలాన్ని ఒక దశ అంటారు. ఏ దశలో ఉందో పొడవు చూసి చెప్పలేం. తిన్న పురుగు సాగుతుంది, ఆకలిగా ఉన్నది ముడుచుకుంటుంది, తాకితే ఇంకా ముడుచుకుంటుంది. నమ్మదగింది తల ఒక్కటే. తల మీద గట్టి తొడుగు ఉంటుంది. ఒళ్లు పెరుగుతున్నా అది పెరగదు. కుబుసంతో పాటు ఊడిపోతుంది. కింద అప్పటికే ఇంకా వెడల్పయిన కొత్త తొడుగు ఉంటుంది. ఊడిన తొడుగులన్నీ ఏరి వెడల్పు కొలిస్తే అంకెలు గుంపులు గుంపులుగా పడతాయి. ఎన్ని గుంపులో అన్ని దశలు. దాసరి పురుగుకు ఐదు దశలని ఆమె చదివిన పుస్తకాల్లో ఉంది. ముదిరి వాడిపోయిన ఆకు తిని బతికిన పురుగుకు కూడా ఐదేనా అన్నది ఆమె ప్రశ్న. నాలుగేళ్ల చదువు ఆ ఒక్క ప్రశ్న కోసమే.

వేసవి సెలవుల్లో కాలేజీ ల్యాబు మూసేస్తారు. ప్రిన్సిపాల్‌కు కాయితం రాసిచ్చి మైక్రోస్కోపు ఇంటికి తెచ్చుకుంది. రెండో గదిలో గోడ పొడుగునా చెక్కలు పేర్చి ఎనభై గాజు సీసాలు పెట్టింది. సీసాకు ఒక పురుగు, మూతికి పలచటి గుడ్డ, దానికి రబ్బరు బ్యాండు. నలభై సీసాల్లో లేత ఆకు, నలభైలో ముదురుది. ఆకు తేవడం నా వంతు. లోయర్ ట్యాంక్‌బండ్‌లో నాలా పక్క ఖాళీ జాగాలో ఆముదం చెట్లు వాటంతటవే మొలిచేవి. పొద్దున్నే సైకిల్ మీద పోయి సంచి నింపుకొచ్చేవాణ్ని.

అత్తగారు గడప మీద నిలబడి చూసేది. "బియ్యంల పురుగు పడితే చాటల పోసి ఎండకు పెడ్తం. నా బిడ్డ దానికి సీసా ఇచ్చి నీడకు పెడ్తది. అల్లుడా, నీకింక చాయ్ కూడ కాలే, వాటికి అప్పుడే నాష్తా అయింది చూడు."

"ఆయన గూడ కుబుసం ఇడిస్తే ఆయనకూ సీసా పెడ్త తియ్యే అమ్మా," అనేది నా భార్య, తల ఎత్తకుండా.

ఊడిన తొడుగు దొరికినప్పుడల్లా సన్నటి గాజు గొట్టంలో స్పిరిటు పోసి అందులో వేసేది. గొట్టానికి ఒక నంబరు చీటీ అతికించేది. ఆ నంబరు ఏ సీసాదో, ఏ తేదీదో తన డైరీలో రాసుకునేది. కొన్ని పురుగులు మధ్యలో చచ్చిపోయేవి. కొన్ని తొడుగులు ఆకు తుంపుల్లో కలిసిపోయి దొరికేవి కావు. అందుకని మొత్తం గొట్టాలు లెక్కపెట్టినంత మాత్రాన ఏమీ తెలియదు. అన్నీ కొలిచి, మళ్లీ సీసాలవారీగా విడదీస్తేనే తెలుస్తుంది.

సెలవులు అయ్యాక కొలత మొదలుపెట్టిన రోజు డైరీని బీరువాలో పెట్టి తాళంచెవి నాకిచ్చింది.

"ఏ గొట్టం ఏ సీసాదో నాకు తెల్వొద్దు," అంది. "తెలిస్తే కన్ను మనకు కావాల్సిన గీత మీదనే ఆగుతది."

గొట్టాలన్నీ కలిపే పని అత్తగారికి అప్పజెప్పింది. ఆమె వాటిని పెద్ద స్టీలు బేసిన్‌లో పోసి, చేయి పెట్టి కలిపి, ఒక్కొక్కటి తీసి అందించేది. మా గది కిటికీ తూర్పుకు ఉంది. మైక్రోస్కోపు కింద అద్దం. దాని మీద ఎండ పడితేనే పని జరుగుతుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా కొలత, తర్వాత ఆమె కాలేజీకి, నేను నారాయణగూడకు. కంటి దగ్గరి కటకంలో సన్నని గీతల స్కేలు ఉంటుంది. తొడుగు ఎన్ని గీతల వెడల్పు ఉందో ఆమె పైకి చెప్పేది, నేను నోటు పుస్తకంలో రాసేవాణ్ని.

"నూట పన్నెండు," అనేది అత్తగారు గొట్టం నంబరు చదివి.

"ఇరవై నాలుగు," అనేది నా భార్య.

నేను రెండూ రాసేవాణ్ని. ఆమె కంటికి గీతలే కనిపించేవి, పుస్తకం కనిపించేది కాదు. నాకు పుస్తకమే కనిపించేది.

మొదటి రోజే ఒక మాట చెప్పింది. "ఏది పడితే అది రాయుండ్రి. మంచిగున్నదా లేదా అని చూడకుండ్రి. కొట్టివేతలు వద్దు."

ఆ పుస్తకంలో నేను కొట్టివేతలు చేయలేదు. ఈ రోజుకూ అది శుభ్రంగానే ఉంది.

కొలతలు అయ్యేసరికి వానలు వెనకబట్టాయి. థీసిస్ ఇవ్వాల్సిన గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. అంతలో ఆమెకు కామెర్లు వచ్చాయి. మంచం దిగలేకపోయింది. డైరీ, నోటు పుస్తకం కలిపి సీసాలవారీగా పట్టిక తయారుచేయమని నాకు చెప్పింది. "మీ అక్షరం మంచిగుంటది. నాలుగు వందల ప్రూఫులు దిద్దినోళ్లు, ఇదెంత," అంది.

నేను తెల్లకాగితాల మీద స్కేలు పెట్టి ముందే గళ్లు గీసుకున్నాను. ఐదు దశలు, ఐదు గళ్లు. ముందు లేత ఆకు సీసాలు ఎక్కించాను. పది, పదిహేను, ఇరవై నాలుగు, ముప్పై ఏడు, యాభై ఏడు. ఒకటి రెండు గీతలు అటూ ఇటూగా అన్ని సీసాలూ అంతే. చూడముచ్చటగా పడ్డాయి. ముదురు ఆకు వాటికి వచ్చాను. సగం పైగా అలాగే ఉన్నాయి. ఇరవై ఏడో సీసా దగ్గర ఆగాను. పది, పద్నాలుగు, ఇరవై, ఇరవై తొమ్మిది, నలభై ఒకటి, యాభై ఏడు. అంకెలు ఆరు, గళ్లు ఐదు.

ప్రూఫులు దిద్దేవాడికి ఇలాంటిది రోజూ ఎదురవుతుంది. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ఒక వరుసను రెండుసార్లు పేరుస్తాడు. చదువుతుంటే అర్థం తెలియకపోయినా పేజీ వాలకమే చెబుతుంది, ఇక్కడ ఏదో ఎక్కువ పడిందని. ఎక్కువ పడినదాన్ని కొట్టేయడమే నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. మూల రచయితను అడగకుండా కొట్టేయగలిగే ఒకే ఒక తప్పు అది. ఇరవై తొమ్మిది ఏ గడిలోనూ పట్టలేదు. ఇరవై, నలభై ఒకటి కాస్త ఎడంగా ఉన్నా పట్టాయి. ఇరవై తొమ్మిది వదిలేశాను.

అలాంటివి పదకొండు సీసాలు వచ్చాయి. డైరీలో తేదీలు చూశాను. ఎక్కువ పడిన తొడుగుకూ దాని ముందు దానికీ మధ్య మూడు నాలుగు రోజుల తేడా ఉంది. ఒకే దాన్ని రెండుసార్లు రాసి ఉంటే తేదీ వేరుగా ఉండదు. ఆ తేదీలు నన్ను ఆపాలి. ఆపలేదు. గొట్టాల నంబర్లు అత్తగారు సరిగ్గా చదవలేదని అనుకున్నాను. ఆమెకు కళ్లద్దాలు మార్చి చాలా ఏళ్లయింది. బేసిన్‌లో చేయి పెట్టి కలిపేటప్పుడు కాయితపు చీటీలు ఊడి ఉంటాయనీ అనుకున్నాను. ఆ పదకొండు సీసాలూ ముదురు ఆకువే ఎందుకయ్యాయని నన్ను నేను అడగలేదు.

"అన్నీ పట్టినయా?" అని అడిగింది నా భార్య మంచం మీది నుంచి. కళ్లు పసుపుగా ఉన్నాయి.

"పట్టాయి," అన్నాను. జబ్బు మనిషిని పరేషాన్ చేయడం ఎందుకని అనుకున్నాను.

ముదురు ఆకు పురుగును ఆలస్యం చేస్తుంది గానీ దశల సంఖ్యను మార్చదని థీసిస్‌లో రాసింది. నా పట్టికను బట్టి ఆమె రాయగలిగింది అదే.

మౌఖిక పరీక్షకు వేరే రాష్ట్రం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎవరైనా కూర్చోవచ్చన్నారు గనక నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన పట్టిక తెరిచి చాలాసేపు చూశాడు. కొలతలు చాలా శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. తర్వాత, తిండి సరిపడనప్పుడు కొన్ని జాతుల పురుగులు ఒక దశ అదనంగా తీసుకుంటాయి, ఇక్కడ అలాంటివి అసలు కనపడలేదా అని అడిగాడు. అది చూడాలనే ఈ పని మొదలుపెట్టానని ఆమె చెప్పింది. చాలా ఆశపడ్డాను, కానీ నలభై సీసాల్లో ఒక్కటి కూడా లేదు, ఆశకన్నా కొలత ముఖ్యం అంది. ఆయనకు ఆ మాట నచ్చింది. తల ఊపి పేజీ తిప్పాడు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె వెతికిన పదకొండు పురుగులు దొరికాయి, వాటిని నేను తీసేశాను. ఆమె జవాబు చెప్పి వెనక్కి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ సాయంత్రం అత్తగారు గల్లీ అంతా పేడాలు పంచింది. "సూది ఏయని డాక్టరమ్మ అయింది నా బిడ్డ," అని ఇంటింటికీ చెప్పింది. ఆ రోజు చెప్పడం కుదరదనుకున్నాను. పట్టా చేతికి రానీ అనుకున్నాను. పట్టా వచ్చింది. కాలేజీలో ఆమెకు శాలువా కప్పారు. ఆ వారం కూడా బాగుండదనుకున్నాను. ఇలా ఏడాది గడిచింది. ప్రెస్సులో సీసపు అక్షరాలు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. నేను ప్రూఫులు దిద్దుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం పొద్దున నేను ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ప్రూఫులు చూస్తుంటే ఆమె నోటు పుస్తకం, డైరీ, థీసిస్ మూడూ తెచ్చి నా ముందు పెట్టింది. థీసిస్‌లోంచి ఒక చిన్న వ్యాసం తీయాలనుకుంటోందని నాకు తెలుసు. అత్తగారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"ఈ పదకొండు ఎందుకు తీసేసిన్రు?" అని అడిగింది.

"ఎక్కువ పడ్డాయనుకున్నాను. ప్రూఫుల్లో పడతాయి చూడు, అలాగ."

"పురుగు అచ్చుతప్పు చేస్తదా?"

ఆమె డైరీ తెరిచి నా వైపు తిప్పింది.

"తేదీలు ఏరేరు ఉన్నయి. చూడలేదా?"

"చూశాను. గొట్టాలు కలిపేటప్పుడు అత్తయ్య చేతిలో ఏమైనా తారుమారు అయ్యాయేమో అనుకున్నాను."

అత్తగారు చిక్కుడుకాయ కింద పెట్టింది. "నా మీద పెట్టినవా? మంచిది. పెడితే పెట్టినవు గానీ అల్లుడా, నేను గీ గడప మీదనే ఉన్న కదా. అత్తమ్మా, నువ్వు కలిపిందేంది, సదివిందేంది అని ఒక్క మాట అడగరాదా?"

"అమ్మా, నువ్వు ఊకో," అని నా భార్య నా వైపు తిరిగింది. "వైవాల ఆ పెద్దాయన అడిగినప్పుడు మీరు ఎనక కూసున్నరు. అప్పుడు సమజైందా మీకు?"

"లేదు," అన్నాను.

ఆమె మూడు పుస్తకాలూ తీసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు అడిక్‌మెట్‌లో తన పీహెచ్‌డీ గైడు సారు ఇంటికి పోయి వచ్చింది. పట్టా వచ్చినదాన్ని ఇప్పుడు కెలకొద్దమ్మా, అంతగా అయితే పురుగులు మళ్లీ పెంచి చూసి వ్యాసం రాసుకో, అప్పుడు నీ తప్పు నువ్వే దిద్దుకున్నట్టవుతుంది అన్నాడట. నేను నా చేతనైంది చెప్పాను. ప్రెస్సులో ఒక తప్పొప్పుల చీటీ వేయిస్తాను, లైబ్రరీలో ఉన్న ప్రతిలో అతికించమని అడుగుదాం అన్నాను.

"చీటీ పెడితే ఏమైతది? చదివినోళ్లు అచ్చుల ఏదో జరిగింది అనుకుంటరు. నేను చూడలేదనేది అట్లనే ఉంటది," అంది. "మళ్ల పెంచుత."

మళ్లీ సీసాలు కడిగింది. ఆకు తేవడానికి నన్ను పోనిచ్చేది. సంచి గుమ్మం దగ్గర పెడితే తీసుకునేది. గొట్టాలు కలపడానికి అత్తగారు మామూలుగానే కూర్చునేది, కాకపోతే ఈసారి అన్నీ ఒకేసారి కాదు, విడతకు కొన్ని సీసాలవి. కొత్త కళ్లద్దాలు పెట్టించుకుంది, నన్ను అడగకుండా. రాసే పని మాత్రం నా భార్య నాకు ఇవ్వలేదు. నేను కూర్చునే పీట తీసేసింది. కటకంలో చూసి, తల ఎత్తి, తానే రాసుకుని, మళ్లీ కన్ను పెట్టి గీత వెతుక్కునేది. ఒక్కొక్క గొట్టానికి రెండింతల సమయం పట్టేది. ఎండ కదిలిపోయేది. నేను అవతలి గదిలో ప్రూఫులు ముందు పెట్టుకుని వినేవాణ్ని. అత్తగారు నంబరు చదివేది, ఆ తర్వాత ఏమీ వినపడేది కాదు. నా భార్య అంకెలు పైకి చెప్పడం మానేసింది.

ముప్పై ఒక్క సీసాల గొట్టాలు పూర్తయినప్పుడు ఆమెకు కామెర్లు తిరగబెట్టాయి. కాలేయం చెడిందన్నారు. ఈసారి మంచం ఆసుపత్రిలో. కడుపు ఉబ్బింది, చేతులు సన్నబడ్డాయి. మూడో వారంలో ఒక మధ్యాహ్నం నేను పండు ఒలుస్తుంటే చెప్పేశాను.

"వైవా రోజున నాకు తెలిసింది."

ఆమె నా వైపు చూసింది. "ఎరుకే," అంది.

"ఎలా?"

"జవాబు చెప్పి మిమ్ములనే చూసిన కదా. మీరు తల దించుకున్నరు. ఎందుకో అప్పుడు తెల్వలే. ఇంటికొచ్చినంక చెప్తరు అనుకున్న. ఏడాది చూసిన. ఇంక మీరు చెప్పరని నేనే పుస్తకం తీసిన."

"మరి అడిగినప్పుడు లేదంటే ఎందుకు ఊరుకున్నావు?"

"ఇంకేం అడగాలె?" అంది. నేనందించిన తొన పక్కకు నెట్టి, "పండు వద్దు," అంది.

ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. మందులు, దుప్పటి, నీళ్లు, ఇవే మాట్లాడుకున్నాం.

దినాలు అయ్యాక ఆమె కాలేజీకి వెళ్లాను. ఆమెతో పనిచేసిన లెక్చరరమ్మ ఒకావిడ జాలిపడి, ఆదివారాలు ల్యాబు తెరిపించి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. స్కేలు చదవడం నేర్పింది. మిగిలిన గొట్టాలు నేను కొలిచాను. అత్తగారు నాతో ఆటోలో వచ్చి బేసిన్ ఒళ్లో పెట్టుకుని నంబర్లు చదివింది. ఇరవై తొమ్మిది వచ్చిన చోట ఇరవై తొమ్మిదే రాశాను. ఆరు ఆదివారాలు పట్టింది. చివరికి సీసాలవారీగా విడదీసి చూస్తే ముదురు ఆకు వాటిలో తొమ్మిదింటికి ఆరు దశలున్నాయి. నాలుగు ఆమె కొలిచినవి, ఐదు నేను కొలిచినవి.

పాతదీ కొత్తదీ రెండు నోటు పుస్తకాలూ పట్టుకుని అడిక్‌మెట్ వెళ్లాను. సారు రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. జరిగిందంతా చెప్పాను. తప్పు నాదని రాసి సంతకం పెడతాను, ఈ వ్యాసం ఆమె పేరు మీద ఎక్కడైనా వేయించమని అడిగాను. ఆయన అంకెలు ఓపికగా చూశాడు.

"కొత్త పుస్తకంల ఇవి ఆమె రాసినవి," అన్నాడు.

"అవునండీ."

"ఇవి మీరు."

"అవునండీ."

"పాత పుస్తకమంత మీ చేతిరాతనే. నాలుగుతోని వ్యాసం నిలబడది. మీ ఐదు కలిస్తెనే నిలబడుతది." కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "ఏమనుకోకండి. మొదటిసారి ఉన్నవాటిని మీరు తీసేసిన్రు. ఇప్పుడు లేనివాటిని కలిపిన్రేమో అని ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?"

ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. ప్రెస్సులో ఇంకొకరు ఇలా చేసి ఉంటే నేనూ అదే అడిగేవాణ్ని.

పుస్తకాలు సంచిలో పెట్టుకుని నడిచి ఇంటికి వచ్చాను. అత్తగారు తలుపు తీసింది.

"ఏమన్నడు సారు? ఐదా, ఆరా?"

"ఐదే ఉంచమన్నారు," అన్నాను.